పుణ్యయాత్రకు వెళ్లిన ఊరు

వరసగా మూడేళ్లు వానలు మొహం చాటేశాయి. అయినా కరువు అనే మాట ఎవరి నోటా రాకూడదని మంత్రి విరూపాక్షుడు చాటింపు వేయించాడు. పంట ఎండితే "భూమాతకు విశ్రాంతి" అనాలట. జనం వలసపోతే "పుణ్యయాత్ర" అనాలట. కాదంటే చెరసాలే.

రేగడిపాడులో చివరికి మిగిలింది కుమ్మరి సింగమ్మ ఒక్కతే. కీళ్ల నొప్పులతో అందరి వెంటా నడవలేకపోయింది. ఎనిమిది నెలలుగా తన గొంతు తప్ప మరో మనిషి గొంతు వినలేదు.

ఒకనాడు వేటకు పోతూ రాజు ఆ ఊళ్లో ఆగాడు. మంత్రీ వెంట ఉన్నాడు.

"ఊళ్లోవాళ్లంతా ఏరవ్వా?" అన్నాడు రాజు.

మంత్రి గుడ్లురిమాడు. సింగమ్మ చేతులు జోడించింది.

"పుణ్యయాత్రకెళ్లారు ప్రభూ. తిరగళ్లు, నాగళ్లు, చివరికి ఇంటి తలుపులు కూడా ఊడబీకి బండ్లకెత్తుకుని మరీ వెళ్లారు."

రాజు తలుపుల్లేని గుమ్మాల వంక చూశాడు. తిరగలి మోసుకుని ఎవరైనా దేవుడి దగ్గరికి పోతారా? సంగతంతా ఆయనకు అర్థమైంది. కోట గాదెలు తెరిచి, జనాన్ని వెనక్కి పిలిపించమని అక్కడికక్కడే ఆజ్ఞాపించాడు.

"నీకేం కావాలో కోరుకో అవ్వా."

"వాళ్లొచ్చేదాకా మాట్లాడ్డానికి ఒక మనిషి కావాలి ప్రభూ. మంత్రిగారికి మాటలు బాగా వచ్చు. ఆయన్ని ఉంచండి."

విరూపాక్షుడు అక్కడే ఉండిపోవలసి వచ్చింది. పొద్దస్తమానం ఆమెను తిట్టిపోశాడు. సింగమ్మ అరుగు మీద కూర్చుని ఒక్క మాటా పోనివ్వకుండా వింది. ఆయన అలిసిపోయి ఆగితే, మంచినీళ్లిచ్చి, "ఇంకా చెప్పు నాయనా" అంది.