నిరుటి ఏరు

అనగా అనగా, ఏరులకు దారులు చూపించిన దేవుడే ఆ దారులు మార్చుకునే స్వేచ్ఛ కూడా వాటికిచ్చిన రోజుల్లో, ఒక పెద్ద ఏరు ఉండేది. ఏటి నడుమ ఒక లంక. లంకలో శివాలయం. ఇవతలి గట్టున రేవు. ఆ రేవుకు పెద్ద సింగన్న.

ఆ ఏటి గుణం ముందే చెప్పాలి పిల్లలూ. అది కుదురుగా ఒకచోట ఉండే ఏరు కాదు. ఏటేటా వరద వస్తుంది. ఇక్కడి ఇసుక తవ్వుకుపోయి అక్కడ మేట వేస్తుంది. నిరుడు నిలువు లోతున్న చోట ఈ ఏడు మోకాలి లోతు కూడా ఉండదు. అందుకని వరద తీయగానే పడవవాళ్ళు గెడలు పట్టుకుని, మూడు రోజులు ఏరంతా దిగి లోతు చూసేవారు. లోతున్న దారి వెంట వెదుర్లు పాతి, కొసన తాటాకు కట్టేవారు. పెద్దలు పెట్టిన కట్టడి ఇంకొకటి ఉంది. ఒకే ఏడు మూడుసార్లు పడవను మేట ఎక్కించినవాడికి ఇక రేవు లేదు. ఎంతటివాడైనా సరే, లేదు.

సింగన్న ఒకప్పుడు ఏరు బాగా చూసినవాడే. అబద్ధం చెప్పడం ఎందుకు? ముప్పైనాలుగేళ్ళ వయసులో, వరద పోటు మీద ఉండగా, రాజుగారిని కాలు తడవకుండా ఒడ్డు చేర్చాడు. రాజుగారు మెచ్చి చేతికి వెండి కడియం తొడిగారు.

అదిగో, అక్కడే చెడింది.

కడియం పడ్డ చెయ్యి మళ్ళీ గెడ పట్టలేదు. పెద్దే దిగకపోయేసరికి మిగతా పడవవాళ్ళూ దిగడం, వెదుర్లు పాతడం మానేశారు. "నేను చూడని ఏరా?" అనేవాడు. "కళ్ళకు గంతలు కట్టండి, దాటించేస్తాను."

అతని భార్య నూకాలు. చిన్న దోనె వేసుకుని గడ్డి కోసం రోజూ లంకకు వెళ్ళేది. వెళ్తూ వస్తూ గెడ దింపి లోతు చూసుకునేది. చూసినదంతా మొగుడికి చెప్పేది. చెప్పగా చెప్పగా ఆ తల్లి నోరు అరిగిపోయింది. ఆయన పడవ ఏళ్ళ తరబడి సాగిందంటే, వరదలు చిన్నవై ఏరు మరీ అంతగా కదలకపోబట్టీ, నూకాలు పడవ ముందు కూర్చుని "ఎడమకు మావా, ఎడమకు" అని గొణుగుతూ ఉండబట్టీను.

కడియం పడ్డ పన్నెండో ఏట వచ్చిన వరద మామూలుది కాదు. ఏటిని పట్టుకుని పక్క మీద దుప్పటిలా తిరగేసి పోయింది.

"మావా, నువ్వెళ్ళే దారిలో ఇసుక పడింది. లోతంతా రెల్లుదుబ్బుల పక్కకు పోయింది. ఒక్కసారి వచ్చి చూడు" అంది నూకాలు.

"పన్నెండేళ్ళుగా ఆ దారినే పోతున్నాను."

"నువ్వు పోతున్నావు మావా. ఏరు పోవట్లేదు."

సింగన్నకు కోపం వచ్చింది. "రేపట్నుంచి నా పడవ ముందు కూర్చోకు. పెళ్ళాం చెబితే గాని నడపలేడని నలుగురూ నవ్వుతున్నారు" అన్నాడు.

మొదటిసారి బెల్లం వర్తకుడు భద్రయ్య శెట్టి ఎక్కాడు, పడవ నిండా బెల్లం దిమ్మలతో. సగం ఏట్లో పడవ మేట ఎక్కి కూర్చుంది. అందరూ దిగి తోశారు. తోసిన తోపుకి పడవ ఒరిగింది, నీళ్ళు లోపలికి వచ్చాయి. శెట్టి నెత్తి పట్టుకున్నాడు.

"చేపలన్నిటికీ పానకం పోయించావు కదయ్యా నా చేత!"

ఇంటికి వచ్చి సింగన్న అన్నాడు గదా, "బెల్లం బరువెక్కువ."

"నిరుడు బెల్లం తేలిగ్గా ఉండేదా మావా?" అంది నూకాలు.

రెండోసారి పెళ్ళివారు ఎక్కారు. లంకలో శివుడి ఎదుట లగ్నం. కార్తికం మొదటి వారం, మంచి ముహూర్తం. సన్నాయి ఊదుతూనే ఉంది, పడవ మేట ఎక్కింది. పెళ్ళికొడుకు బాసికంతో మోకాలి లోతు నీళ్ళలో దిగి తోశాడు. పురోహితుడు ఎండ వంక చూసి, సింగన్న వంక చూసి, "లగ్నం నీ పడవలో కూర్చుని ఉండదు నాయనా, అది వెళ్ళిపోతుంది" అన్నాడు. వెళ్ళిపోయింది కూడా. పెళ్ళి మార్గశిరానికి పడింది.

పెళ్ళికూతురి మేనత్త ఊరుకుంటుందా? "మునగడానికి నీళ్ళు లేని చోట ముంచావు కదరా!" అని చేతులు తిప్పింది.

ఇంటికి వచ్చి సింగన్న, "పెళ్ళివాళ్ళు కదా, అందరూ ఒక పక్కే కూర్చున్నారు" అన్నాడు.

నూకాలు చేతిలో గరిటె కింద పెట్టేసింది.

"ఇంకొక్కసారి మావా. ఇంకొక్కసారి మేట ఎక్కితే రేవు పోతుంది. మీ తాతల నాటి నుంచి ఈ ఇంటి పొయ్యి ఆ రేవు మీదే వెలుగుతోంది. నీ కాళ్ళు పట్టుకుంటాను, ఒక్క పూట గెడ పట్టి నీళ్ళలో దిగు."

"రేవు పెద్దను, గెడ పట్టుకుని దిగితే జనం ఏమంటారు? ఈ వయసులో నేర్చుకుంటున్నాడు అనరూ?"

"శివయ్యా! ఈయనకు నువ్వే చెప్పు. నా వల్ల కాదు!" అని నూకాలు రెండు చేతులూ పైకెత్తేసింది.

శివుడు మాత్రం ఏం చేస్తాడు? చెవులు ఇచ్చాడు. వినడం మనిషికి వదిలేశాడు.

కార్తిక పౌర్ణమి వచ్చింది. రాజుగారు, ఆయన తల్లిగారు రేవుకు వచ్చారు. పెద్దమ్మగారికి డెబ్బై రెండేళ్ళు. పొద్దు గూకేలోగా లంకలో దీపం పెడతానని మొక్కు. గట్టంతా జనం.

నూకాలు తెల్లవారుతూనే ఏరు చూసి వచ్చింది. పడవ కదులుతుంటే ఉండబట్టలేక గట్టు మీంచి కేకేసింది. "మావా, రెల్లు పక్క నుంచి!"

రాజుగారి ఎదుట ఆ కేక! సింగన్న ముఖం కందిపోయింది. కావాలని చుక్కాని పాత దారికే తిప్పాడు. ఏం చెప్పమంటారు ఆ మనిషిని!

ఒకటే కుదుపు. రాజుగారి తలపాగా ముక్కు మీదకు జారింది. పడవ ఇసుకలో దిగబడిపోయింది.

"బరువు..." అని మొదలుపెట్టాడు సింగన్న. రాజుగారి వంక చూసి ఆగిపోయాడు.

రాజుగారికి చిరాకు ముంచుకొచ్చింది. పెద్దమ్మగారు మాత్రం సంచిలోంచి ఒక తాటాకు తీసి, వేలు పెట్టి, కూడబలుక్కుంటూ చదవసాగారు. "వి... శ్వ... విశ్వే..."

"అమ్మా, ఇక్కడ పొద్దు వాలుతోంది!"

"తొందరైతే నువ్వు దిగి తొయ్యి నాయనా. నాకీ ఒత్తు పట్టుబడడం లేదు."

సింగన్న బిత్తరపోయి, "చదువుకుంటున్నారా తల్లీ?" అన్నాడు.

"ఆషాఢంలో మొదలెట్టాను. మనవరాలే గురువు. దానికి బెత్తం కూడా ఉంది" అన్నారు పెద్దమ్మగారు. తాటాకు ఒళ్ళో పెట్టుకుని అతన్ని తేరిపార చూశారు. "నీకెన్నేళ్ళు?"

"నలభై ఆరు తల్లీ."

"ఏరు చూడడం ఎన్నో ఏట మానేశావు?"

సింగన్న చేతి కడియాన్ని అటూ ఇటూ తిప్పాడు. "ముప్పైనాలుగో ఏట" అన్నాడు.

"మరి ఈ పన్నెండేళ్ళూ పడవ నడిపింది ఎవరు?"

సింగన్న తల వంచుకున్నాడు. పన్నెండేళ్ళలో మొదటిసారి నిజం చెప్పాడు. "నా పెళ్ళాం తల్లీ."

అప్పటికే నూకాలు దోనె రెల్లుదుబ్బుల పక్క నుంచి వస్తోంది. మూడు విడతల్లో అందరినీ లంకకు చేర్చింది. పొద్దు ఇంకా చెట్ల మీద ఉండగానే పెద్దమ్మగారు దీపం పెట్టారు.

"ఈ ఏరంతా నీకు తెలుసా అమ్మా?" అని, తిరిగి గట్టుకు చేరాక రాజుగారు నూకాలును అడిగారు.

"లేదు ప్రభూ. పొద్దున చూసినంత మేరకే తెలుసు. రేపటికి మళ్ళీ చూడాలి."

రాజుగారు తల ఊపారు. "కట్టడి కట్టడే. రేవు సింగన్నది కాదు. ఈ రోజు నుంచి నూకాలుది."

పడవవాళ్ళు గొణిగారు. "ఆడమనిషికి రేవేమిటి?"

"అలాగా? అయితే ఈ వేళ పొద్దున్న నీళ్ళలో దిగి చూసినవాడు ముందుకు రండి, వాడికే ఇస్తాను" అన్నారు రాజుగారు.

ఎవరూ కదలలేదు.

సింగన్న మూడు రోజులు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నూకాలు ఒక్క మాట అనలేదు. అనవలసినవి పన్నెండేళ్ళూ అనే ఉంది. నాలుగో రోజు పొద్దున్నే లేచి, గెడ తీసుకుని ఏట్లో దిగాడు. చెయ్యి మరిచిపోయింది, రెండుసార్లు బోర్లా పడ్డాడు. గట్టు మీది పిల్లలు పకపకా నవ్వారు. నవ్వనీ అనుకుని మళ్ళీ లేచాడు. మర్నాడూ దిగాడు. ఆ మర్నాడూ దిగాడు.

రెండు నెలలు గడిచాక ఒకనాడు నీళ్ళు కారుతూ ఇంటికి పరుగెత్తుకొచ్చాడు.

"నూకాలూ! లంక తూర్పు కొసన కొత్త దారి పడింది. నిలువు లోతు!"

"అక్కడేం లేదు మావా. ఆ ఏరు నేను చూడందా?" అంది నూకాలు. అని, చటుక్కున నాలుక కరుచుకుంది. ఆ మాట ఎవరి నోట విన్నదో ఆమెకు బాగా తెలుసు.

చీరచెంగు నడుముకు దోపుకుంది.

"తప్పయిపోయింది. పద, చూపించు."

ఇద్దరూ వెళ్ళారు. దారి ఉంది. భార్య పట్టుకుంటే భర్త వెదురు పాతాడు. ఆ ఏడు మళ్ళీ ఏ పడవా మేట ఎక్కలేదు.

కనుక పిల్లలూ, నేర్చుకున్నది నిన్నటిని దాటిస్తుంది. నేటిని దాటాలంటే, ఎంతటివారైనా, నేడు మళ్ళీ నేర్చుకోవలసిందే.