పిట్ట బడిలో ఏడో సీటు

ఏం చూశారు? ముందు అది చెప్పండి. ఇప్పకోనలో పిట్ట బడి సీట్లకు లాటరీ తీసిన పొద్దున మీరంతా అక్కడే ఉన్నారు కదా! తాబేలవ్వ కళ్ళు మూసుకుని, సొరబుర్రలోకి మెడ సాచి, ఒక్కొక్క చింతగింజ బయటికి తీయడం చూశామంటారు. ఏడో గింజ మీద గాడిద డెక్క గుర్తు ఉండటం చూశామంటారు. అది ఎవరైనా చూస్తారు. పక్కన నిలబడ్డ నక్క నాంచారిని చూశారా? అందరితోపాటు చప్పట్లు కొడుతూనే ఉంది. కొట్టీ కొట్టీ గోళ్ళు తన కండలోకే దిగిపోయాయి.

పిట్ట బడి సంగతి తెలియనివాళ్ళకు చెబుతాను. కోనలోకి వేటగాళ్ళు వస్తే ముందు చూసేది పైనున్న పిట్టలే. ఎక్కడ ఉచ్చు పన్నారో, ఎటు నిప్పు పెట్టారో అన్నీ అరిచి చెబుతాయి. కింద తిరిగేవాళ్ళకు ఆ భాష రాదు. ఏదో గోల అనుకుని నడుచుకుంటూ పోయి ఉచ్చులో కాలు పెడతారు. నాంచారి పెద్దకొడుకు నిరుడు అలాగే పోయాడు. నెత్తిమీద గోరింకలు గుక్క తిప్పుకోకుండా అరుస్తుంటే వాడు తలెత్తి చూసి నవ్వాడట. ఆ తర్వాతే కోన పంచాయతీ కదిలి బడి పెట్టించింది. ఫీజు లేదు. గడప దాటితే పొద్దు గూకేదాకా పిట్ట భాషే. దాహమైనా, దెబ్బ తగిలినా, నవ్వొచ్చినా అందులోనే. అలా అయితేనే భాష ఒంటబడుతుందని గోరింక టీచరమ్మ పట్టుదల.

సీట్లు ఏడు. అర్జీలు నలభై.

ఏడూ అయ్యాక వెయిటింగ్ లిస్టు కోసం తాబేలవ్వ మళ్ళీ మెడ సాచింది. మొదట వచ్చిన గింజ నాంచారిది.

"అదృష్టవంతురాలివి నాంచారీ, వెయిటింగులో నీదే మొదటి పేరు" అంది పంది.

"అదృష్టమా? ముందు కూడు పెట్టి మూతి కట్టినట్టుంది."

"ఏడుగురిలో ఎవరో ఒకరు మానకపోతారా?"

"ఎవరు మానతారు? ఆ గాడిద కొడుకు మానతాడా?"

"అయ్యో, ఎందుకొదినా తిట్టడం?"

"తిట్టానా? ఉన్నమాటే అన్నాను."

ఆ పూట నాంచారికి పీత కూడా రుచించలేదు. గాడిద పైడమ్మ కోనకొచ్చి నిండా రెండేళ్ళు కాలేదు. ఊళ్ళో మూటలు మోసీ మోసీ నడుం పడిపోతే తోలేశారు, వచ్చి ఇక్కడ చేరింది. తరతరాలుగా ఈ కోనలో పుట్టేది మేము, ఉచ్చులో పడి చచ్చేది మేము, సీటేమో నిన్నగాక మొన్న వచ్చినదానికా? ఇదీ నాంచారి కడుపులో రగిలే మాట. దాని బాధ అబద్ధమని నేననను. బిడ్డను పోగొట్టుకున్న తల్లి అది. మరొక్క బిడ్డ, బుల్లి, మిగిలింది. దాన్నయినా బతికించుకోవాలనుకోవడం తప్పు కాదు. కానీ ఆకలి వేరు, అసూయ వేరు. ఆకలికి తన కంచం నిండితే చాలు. అసూయకు పక్క కంచం బోర్లాపడాలి.

మర్నాడు పొద్దెక్కగానే బుల్లిని వెంటేసుకుని నాంచారి పైడమ్మ దగ్గరికి వెళ్ళింది. పైడమ్మ ఎండుగడ్డి నెమరేస్తున్నట్టు నిదానంగా నములుతోంది. కొడుకు సింహాద్రి బడికి వెళ్ళే సంబరంలో నాలుగు కాళ్ళూ ఒక్కసారి ఎగరేస్తున్నాడు.

"పైడమ్మొదినా, నా కడుపు నిండిపోయిందమ్మా! మీవాడికి వస్తే మా బుల్లికి వచ్చినట్టే."

"నీ నోటి చలవ వదినా. ఈ గింజలేమిటో, గుర్తులేమిటో నాకేం తెలుసు! వీడు గొడవ పెడితే బుర్రలో వేశాను."

అడిగినవాళ్ళకు లేదు, అడగడం కూడా రానిదానికి ఇంటికొచ్చి పడింది! నాంచారి పళ్ళు కొరుక్కుని, వెంటనే వాటినే నవ్వుగా మార్చింది.

"పంపుతున్నావా మరి?"

"పంపకేం?"

"ఏం లేదులే. వెళ్ళొస్తా."

"ఆగొదినా. ఏం లేదు అన్నావంటే ఏదో ఉంది."

"చెబితే చెడ్డదాన్నవుతాను. చెప్పకపోతే పాపం చుట్టుకుంటుంది. నీకు గనక చెబుతున్నాను, ఎవరితోనూ అనకు." నాంచారి గొంతు తగ్గించింది. "పొద్దస్తమానం పిట్ట భాష మాట్లాడితే ఊరుకుంటుందా ఒళ్ళు? మూడు నెలలకు ఓండ్ర మర్చిపోతారు. ఇంటికొచ్చి నిన్ను అమ్మా అని కూడా పిలవడు, కీచుమంటాడు. ఆరు నెలలకు మూతి గట్టిపడి పిట్ట ముక్కులా అవుతుంది. పాలు తాగడానికి పనికిరాదు. ఏడాది తిరిగేసరికి తోక ఊడి పడిపోతుంది, ఆ చోట ఈకలు."

పైడమ్మ నమలడం ఆపేసింది. "నిజంగానా?"

"నా బుల్లి మీద ఒట్టు."

పైడమ్మ చెవులు రెండూ వాలిపోయాయి. కొడుకు వైపు చూసింది. వాడు గాల్లోకి ఎగిరి బోర్లాపడి లేచి నవ్వుతున్నాడు. ఓండ్ర పెడితే కోన దద్దరిల్లే గొంతు వాడిది.

"అయితే వద్దులే వదినా. చదువు లేకపోయినా నాకు నా కొడుకు కావాలి."

తిరిగి వస్తూ నాంచారి దారంతా పాట పాడుకుంది. వెనక బుల్లి నడుస్తోంది. రెండడుగులకోసారి తిరిగి తన తోక చూసుకుంటోంది. తల్లికి వెనక్కి చూసే తీరిక ఎక్కడిది?

మూడోరోజు తెల్లవారగానే బడి దగ్గర అందరూ చేరారు. గడపంటే ఏమీ కాదు, రెండు రాళ్ళ మధ్య అడ్డంగా పడున్న మోకాలెత్తు మొద్దు. గింజ చూపించి ఆరుగురు పిల్లలు దాటారు. ఏడో వంతు వచ్చేసరికి పైడమ్మ గింజ నోట్లో పట్టుకుని ముందుకొచ్చింది.

"మావాడు రాడమ్మా. సీటు పాడవకూడదని గింజ ఇచ్చేసి పోదామని వచ్చాను."

గోరింక టీచరమ్మ రెక్క ఆడించింది. "నీ ఇష్టం. అయితే నీ తర్వాత ఉన్న పిల్ల గడప దాటాకే నీ గింజ తీసుకుంటాను. అంతదాకా సీటు నీదే. నాంచారీ, నీ పిల్లని పంపు. ఎత్తుకు రాకూడదు, తోయకూడదు. తనంతట తాను దాటాలి."

"దాటకేం తల్లీ! బుల్లీ, వెళ్ళవే!"

బుల్లి వెళ్ళలేదు. తోకను ఒళ్ళోకి లాక్కుని, రెండు ముందుకాళ్ళతో గట్టిగా పట్టుకుని, అక్కడే చతికిలబడింది.

"నేను రాను."

"ఏమొచ్చిందే నీకు?"

"తోక ఊడిపోతుంది."

"ఎవరన్నారమ్మా?" అని టీచరమ్మ వంగి అడిగింది.

"అమ్మే. పైడమ్మత్తకు చెబుతుంటే విన్నాను. మూతి ముక్కవుతుందట, పాలు తాగలేమట. నా మీద ఒట్టు కూడా వేసింది."

 పంది ఆపుకోలేక గుర్రుమంది.

నాంచారి బుల్లి చెవిలో నోరు పెట్టింది. "ఊరికే అన్నానే పిచ్చిదానా. లే."

"ఊరికే ఒట్టు వేస్తారా? నేను రాను!"

సూర్యుడు చెట్ల పైకొస్తున్నాడు. టీచరమ్మ ఇంకొక్క క్షణం చూసి, వెయిటింగులో రెండో పేరైన మేక వైపు తల తిప్పబోయింది.  ఉచ్చులో వేలాడిన పెద్దకొడుకు కళ్ళ ముందు కనబడ్డాడు.

"అబద్ధమే!" అని అరిచింది. "అంతా నేను కల్పించిందే! తోక ఊడదు, మూతి మారదు, ఏ పిలుపూ మర్చిపోరు. ఒట్టు కూడా దొంగ ఒట్టే. వెళ్ళు తల్లీ, వెళ్ళు!"

పైడమ్మ చెవులు నిదానంగా పైకి లేచాయి.

"ఆ మాట ఇటు తిరిగి ఇంకోసారి చెప్పొదినా."

నాంచారి బుల్లి వైపే తిరిగి నిలబడింది.

"నేను మందబుద్ధిదాన్ని, నాకు అర్థమయ్యేట్టు చెప్పు" అంది పైడమ్మ. "నిన్న చెప్పింది నిజమైతే నీ పిల్లనెలా పంపుతున్నావు? ఇప్పుడు చెప్పింది నిజమైతే నా పిల్లని నేనెందుకు ఆపాలి?"

 ఏది చెప్పినా బుల్లికి సీటు రాదు.

పైడమ్మ గింజను టీచరమ్మ ముందు పెట్టి కొడుకును చూసి తలూపింది. సింహాద్రి ఒక్క గెంతులో మొద్దు దాటి, అవతల పడి, ఆనందం పట్టలేక ఓండ్ర పెట్టాడు. లోపలి ఆరుగురూ చెవులు మూసుకున్నారు. "ఇదే ఆఖరు, ఇక పిట్ట భాషలోనే!" అంది టీచరమ్మ, కానీ దానికీ నవ్వొచ్చింది.

అప్పుడు బుల్లి లేచింది. తోక వదిలేసింది. గడప దాకా వచ్చి తల్లి వైపు తిరిగింది.

"అబద్ధమైతే నేనూ వెళ్తానమ్మా."

"ఏడూ నిండాయి పాపా" అంది టీచరమ్మ, మెల్లగా.

 

పక్కింటి పిల్లను ఆపడానికి కలిపిన భయం ముందు మన పిల్లే తాగుతుంది. అదీ నీతి.

నాంచారికి శాస్తి జరిగిందని మీరంతా నవ్వుకుంటూ ఇళ్ళకు వెళ్ళారు, చూశాను. ముప్ఫై మూడు మంది పిల్లలు గడప ఇవతల మిగిలారు. వాళ్ళలో ఒకతె, ఏ పాపం ఎరగనిది, మొద్దు మీద గడ్డం ఆనించి లోపలి పలుకులు వింటూ నిలబడింది. కొమ్మకొమ్మకూ పిట్టలున్న కోన ఇది. చెప్పడానికి గొంతులకు కరువు లేదు. మరి ఏడంటే ఏడే సీట్లని పంచాయతీ అన్నప్పుడు, ఒకరి గింజను చూసి ఒకరు కుళ్ళుకోవడం తప్ప, ఎనిమిదో సీటు ఎందుకు లేదని అడగడానికి మీరెందుకు నోరు తెరవలేదు?