నూకాలు నోట్లో జీడి

అనగా అనగా, మీ తాతకు తాత ఇంకా పాకుతున్న రోజుల్లో, సముద్రం పక్కన ఒక ఊరు. ఆ ఊళ్ళో ఒక వీధిబడి. ఆ బడి ఊడ్చి, పిల్లలకి తాగడానికి నీళ్ళు పోసే మనిషి నూకాలు.

నూకాలుకి చీపురొకటి, కడవొకటి, నోరొకటి. చీపురుకి విశ్రాంతి ఉండేది. కడవకి విశ్రాంతి ఉండేది. నోటికి మాత్రం లేదు. కోడికంటే ముందే మొదలయ్యేదట. కోడి సిగ్గుపడి పక్క ఊరు పోయి కూసేదట. నేను చూడలేదు, మా అమ్మమ్మ చెప్పింది.

ఆ ఊరికొక పద్ధతి ఉంది. బడి అయిపోయిన పిల్లలు పనుల సంతకి పోవాలి. వలలు అల్లేవాళ్ళు, బుట్టలు అల్లేవాళ్ళు, గానుగాడేవాళ్ళు అక్కడ పందిళ్ళేసుకుని కూర్చుంటారు. పిల్లలు ఎదురుగా నిలబడి, "నన్ను పనిలో పెట్టుకుంటారా?" అని అడగాలి. పెట్టుకుంటే బతుకు మొదలైనట్టు. లేదంటే ఇంటి అరుగే గతి. ఒకరు పెడితే తినాలి, ఒకరు లేపితే లేవాలి.

ఆ ఏడాది బడి అయిపోయినవాళ్ళు ముగ్గురున్నారు. పైడికి కళ్ళు కనబడవు. గవరయ్యకి కాళ్ళు రావు. అప్పడికి ఏ మాటైనా మెల్లగా లోపలికి పోతుంది, ఇంకా మెల్లగా బయటికొస్తుంది.

"వీళ్ళనెవరు తీసుకుంటారు? అరుగులు కడిగి ఉంచండి" అన్నారు ఊళ్ళోవాళ్ళు.

నూకాలుకి ఒళ్ళు మండింది. పైడికి ముడులు నేర్పింది. గవరయ్యకి బుట్ట అల్లిక నేర్పింది. అప్పడికి ఎద్దుని తోలడం నేర్పింది. ముగ్గురినీ వెంటబెట్టుకుని సంతకి పోయింది.

వలల పందిట్లో ముసలాయన అడిగాడు. "పిల్లా, నీ పేరేటి?"

"పైడండీ! బంగారం లాంటి పిల్లండీ!" అంది నూకాలు.

"ముడెయ్యగలవా?"

"ఎందుకెయ్యదండీ!" అంది నూకాలు.

"ఏం తింటావు?"

"గంజన్నం తింటాదండీ, ఉల్లిపాయ మాత్రం పడదండీ!" అంది నూకాలు.

బుట్టల పందిట్లోనూ అంతే. గానుగ దగ్గరా అంతే. గానుగ సూరప్ప మీసం దువ్వుకున్నాడు.

"ఓలమ్మా, పని ఎవరికి కావాలి? నీకైతే రేపే రా. ఎద్దు తిరుగుతుంటే నువ్వు మాట్లాడుతుండు. ఎద్దుకి కాలక్షేపం."

సంతంతా నవ్వింది. ముగ్గురికీ పని దొరకలేదు.

తిరిగొచ్చేటప్పుడు నూకాలు ఒక్క మాట మాట్లాడలేదు. పిల్లలు హడలిపోయారు.

"అత్తా, జ్వరమా?" అన్నాడు గవరయ్య.

"అత్తా," అంది పైడి, "మాకు పని నేర్పావు. అడగడం మాత్రం నీ దగ్గరే ఉంచేసుకున్నావు."

నూకాలు దారిలోనే కూలబడింది. తన నోటి మీద తనే ఒకటి వేసుకుంది.

మర్నాటి నుంచి కొత్త చదువు. పైడి ఒక్కతే కర్ర పట్టుకుని కూరల సంతకి పోయింది. పుచ్చు వంకాయలు అంటగట్టిన వాడితో పోట్లాడి, మంచివి తెచ్చింది. గవరయ్య గంజి కాచాడు. మాడిపోయింది. అందరూ కళ్ళు మూసుకుని తాగారు. అప్పడు ఏరవతల తప్పిపోయి, దారి అడిగి అడిగి ఇంటికొచ్చాడు. నూకాలు తుప్పల చాటున నక్కుతూ వెనకే వచ్చింది, నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని. ఏ సాయం కావాలో అడగండి, అక్కర్లేనిది వద్దనండి అని ముగ్గురికీ నూరిపోసింది.

మళ్ళీ ఏడు తిరిగింది. మళ్ళీ సంతకి పోయారు. పందిళ్ళు కనబడగానే నూకాలు పెదాలు అదరడం మొదలెట్టాయి.

"అత్తా, నోరు తెరువు" అంది పైడి. తెరిచింది. పైడి అందులో ఇంత జీడి ముద్ద కుక్కింది. బెల్లం పాకం సాగదీసి చేస్తారే, ఆ జీడి. పైపళ్ళూ కిందపళ్ళూ అతుక్కుపోయాయి.

పైడి వలల పందిట్లోకి పోయింది. "నాకు కళ్ళు కనబడవు. ముడి చేతికి తెలుస్తుంది. సామాను పెట్టిన చోటే ఉంచండి. జరిపితే తిడతాను." ముసలాయన పకపకా నవ్వి వల అందించాడు.

గవరయ్య బుట్టల పందిట్లోకి పాక్కుంటూ పోయాడు. "వెదురు అటకెక్కించకండి, కింద పెట్టండి. తక్కినది నేను చూసుకుంటాను." వాళ్ళు జరిగి చోటిచ్చారు.

ఇక అప్పడు. సూరప్ప ఎదుట నిలబడ్డాడు. నోరు తెరిచాడు. మాట రాలేదు. సూరప్ప చూశాడు. ఎద్దు చూసింది. వెనక జనం గుసగుసలాడారు. నూకాలు గొంతులో మాటలు ఎగిరెగిరి పడుతున్నాయి. దవడ పీకింది, జీడి సాగింది, పళ్ళు మాత్రం విడిపోలేదు. కళ్ళమ్మట నీళ్ళు కారిపోయాయి. సూరప్ప లేవబోయాడు.

"కూర్చో... మావా," అన్నాడు అప్పడు. "ఇంకా... అవలేదు."

సూరప్ప కూర్చున్నాడు.

"మూడు పనులు... ఒకేసారి చెప్పకు. ఒకటి చెప్పు. అయ్యాక... ఇంకోటి చెప్పు. నన్ను పనిలో పెట్టుకుంటావా?"

సూరప్ప ముల్లుకర్ర అప్పడి చేతికిచ్చాడు. "ఎద్దుని విప్పు" అన్నాడు. అంతే, ఒకటే చెప్పాడు.

నూకాలు ఏదో అరిచింది. ఏమందో ఎవరికీ అర్థం కాలేదు. జీడి కదా.

చాన్నాళ్ళు బతికింది నూకాలు. పోయిన రోజు, సాగనంపే పనులన్నీ ఆ ముగ్గురే చూసుకున్నారు. కావలసిన చోట సాయం అడిగారు. అక్కర్లేని చోట వద్దన్నారు.

ఇప్పటికీ ఆ వైపు పిల్లో పిల్లాడో మొదటిసారి పని అడగడానికి బయల్దేరితే, ముందు వెంటవచ్చే అమ్మానాన్నల నోట్లో జీడి పెడతారు. ఒకరినడిగితే మరొకరు జవాబు చెప్పారనుకోండి, "నూకాలు జీడి కావాలా?" అంటారు. సంత రోజున పోయి చూడండి. పెద్దవాళ్ళ దవడలన్నీ ఆడుతుంటాయి. మాటలు మాత్రం పిల్లలవే వినబడతాయి.