నక్క పోసిన ఇసుక

చింతలవాగు అడవిలో ఏనుగమ్మకు ఓ విత్తనాల కొట్టు ఉండేది. అక్కడ బస్తాలు లాగేది వీరన్న అనే ఎద్దు. కూర్చున్న చోటు కదలకుండా విత్తనాలు ఏరేది పిచ్చయ్య అనే కుందేలు. వీళ్ల మీదా, మిగతా పనివాళ్ల మీదా అజమాయిషీ నాంచారయ్య అనే నక్కది. అజమాయిషీ అంటే ఏముంది, అరవడమే!

నాంచారయ్య అరిచినప్పుడల్లా పిచ్చయ్య గుండె దడదడలాడేది. ఆ కంగారులో జొన్నల్లో సజ్జలు కలిసేవి. కంటికి కునుకుండేది కాదు. పైగా మూడు నెలల్లో ఏరువాక. ఆ రోజు కొట్లో పనివాళ్లంతా తలా ఒక విత్తనాల మూట వీపున వేసుకుని పొలం గట్టుదాకా మోయాలి. మధ్యలో దించినవాడికి కొలువు ఉండదు. అది ఆ కొట్టు ఆనవాయితీ.

“నా పని అయిపోయింది వీరన్నా! నక్కబావ నా చోటికి వాళ్ల బామ్మర్దిని అప్పుడే రమ్మన్నాడట,” అని పిచ్చయ్య ఏడ్చేశాడు.

వీరన్న వయసులో ఉండగా బండలాగుడు పందేల్లో ఎదురులేనివాడు. “ఏడుపు తర్వాత, ముందు ఇది ఎత్తు,” అని కాస్త ఇసుక పోసిన సంచి ముందు పెట్టాడు. “రోజూ పొద్దున్నే పదిసార్లు. ఎత్తేటప్పుడు నక్క సంగతి వదిలేసి ఊపిరి చూసుకో.”

“సంచి ఎత్తితే గుండెదడ పోతుందా అన్నా?”

“ఎత్తి చూడరా, నీకే తెలుస్తుంది.”

అది చూసి నాంచారయ్య పగలబడి నవ్వాడు. “అబ్బో, కుందేలు కుస్తీకి దిగింది!”

“నవ్విన నాపచేనే పండుతుంది బావా,” అన్నాడు వీరన్న.

నక్కకు ఒళ్లు మండింది. రోజూ కొట్టు మూసేటప్పుడు ఎవరూ చూడకుండా ఆ సంచిలో గుప్పెడు ఇసుక పోయసాగాడు. నడుం పట్టేసి ఈ బక్కప్రాణి మూలన పడతాడని వాడి ఆశ.

“అన్నా, ఇవాళ బరువెక్కిందే?”

“నిన్నటికంటే గుప్పెడేగా. ఎత్తు!”

శభాష్ పిచ్చయ్యా! ఒక్క పొద్దూ మానలేదు. నెల తిరిగేసరికి కంటినిండా నిద్ర పట్టింది. రెండో నెలలో నక్క అరిస్తే తలెత్తి, “వినబడుతోంది బావా, మెల్లగా చెప్పు,” అన్నాడు. జొన్నలు జొన్నలుగా, సజ్జలు సజ్జలుగా ఉన్నాయి.

ఏరువాక వచ్చింది. పిచ్చయ్య మూట వీపున వేసుకుని, ఎక్కడా దించకుండా గట్టెక్కాడు. చూస్తున్నవాళ్లంతా ఈలలు వేశారు.

“మోసం! ఆ మూటలో ఊక ఉంది!” అని నాంచారయ్య గంతులేశాడు.

“అయితే నువ్వే మోసి చూపించు,” అంది ఏనుగమ్మ.

నాంచారయ్య మూట కింద దూరాడు. రెండడుగులు వేసి, దాని కిందే చతికిలబడ్డాడు. “ఇదేమిటమ్మా! నడుం విరగాలని రోజూ గుప్పెడు ఇసుక పోశానే, వీడికి బలమెలా వచ్చింది!” అని నోరు జారాడు.

వీరన్న మెల్లగా నెమరువేస్తూ, “సంచి చుట్టూ నీ అడుగులు రోజూ చూస్తూనే ఉన్నా బావా. నేను పోయాల్సిన ఇసుక నువ్వే పోస్తుంటే, కాదనడం ఎందుకని ఊరుకున్నా,” అన్నాడు.

ఏనుగమ్మ కడుపుబ్బ నవ్వింది. “రేపటినుంచి కొట్లో అందరూ పొద్దున్నే సంచి ఎత్తాలి. నేర్పేది పిచ్చయ్య. నాంచారయ్యా, మొదటి సంచి నీదే!”

గుప్పెడు గుప్పెడుగా బరువు మోసినవాణ్ని గుప్పెడు మాటలు బెదిరించలేవు.