బూరయ్య జీపు బ్రేకులు

అనగనగా, అడవిలో జంతువులు కూడా జీపులెక్కి తిరిగే కాలంలో, ఒక కొండ మీద బూరయ్య అనే ఎలుగుబంటి ఉండేవాడు. ఘాట్ రోడ్డులో జీపు తోలడం వాడి పని.

ఒకరోజు పొద్దున్నే కుందేళ్ల పెళ్లివాళ్లు జీపెక్కారు. పెళ్లికూతురు, వాళ్ల నాయనమ్మ, డప్పులు, అరిసెల బుట్ట. కొండ కింద మధ్యాహ్నం ముహూర్తం.

మొదటి మలుపులో బూరయ్య బ్రేకు తొక్కాడు. జీపు గజగజా వణికింది.

"ఒరేయ్ బూరయ్యా! పెళ్లికి తీసుకెళ్తావా, లోయలోకి తీసుకెళ్తావా?" అంటూ నాయనమ్మ కిందకి దూకేసింది.

పక్కనే మెకానిక్కుల సందు. చక్రాలు విప్పారు. లోపల బ్రేకు పట్టుకునే గుండ్రటి ఇనప పళ్లాలున్నాయి. వాటి నిండా గాట్లే.

ముందు పిల్లినడిగారు. దానిది కొత్త సామాన్ల కొట్టు. గుమ్మం కూడా దిగకుండా, "పీకి పారెయ్ మామా, కొత్తవి వేసుకో" అంది.

తర్వాత నక్కనడిగారు. దానిది ఇనుము చెక్కే లేతు మిషను. మంచం మీంచే, "కొత్తవెందుకు బావా? పైపైన చెక్కితే అద్దంలా అయిపోతాయి. పట్రా!" అంది.

బూరయ్యకి నక్క మాట తియ్యగా ఉంది. పని తొందరగా అయిపోద్ది కదా! "సరే, చెక్కెయ్" అన్నాడు.

నాయనమ్మ అడ్డం నిలబడింది. "ఒక్కళ్లయినా వంగి చూశారట్రా? నాడి పట్టకుండా మందిచ్చే వైద్యం నాకొద్దు!"

సందు చివర ముళ్లపంది సూదన్న ఉన్నాడు. వాడిదీ లేతే. వాడు పళ్లెం తుడిచాడు. అంచు మీద ఉన్న అంకె చూశాడు. మందం చుట్టూతా కొలిచాడు. పళ్లెం కాస్త వంకర పోయి ఉంది.

"అన్నా, ఇంతకన్నా పల్చబడితే వాడొద్దని ఈ అంకెకి అర్థం. ఇప్పుడు మందం దానికి కాస్త పైనే ఉంది. చెక్కితే కిందకి దిగిపోద్ది. ఘాట్‌లో వేడెక్కి పగలొచ్చు. నేను చెక్కను. కొత్తవే వెయ్యాలి."

"నేను చెప్పలా!" అని పిల్లి ఎగిరింది.

"చెప్పావక్కా, చూళ్లేదు. మొన్న జింక కారుకీ ఇదే చెప్పావు. దాని పళ్లాలు మందంగా ఉన్నాయి. చెక్కి పంపించా, హాయిగా తిరుగుతోంది."

పిల్లి మీసాలు వాలిపోయాయి. వెళ్లి కొత్త పళ్లాలు తెచ్చింది.

సూదన్న బూరయ్య వైపు తిరిగాడు. "ఇంతకీ ఇవి వంకరెలా పోయాయన్నా? కొండ దిగ్గానే ఏం చేస్తావు?"

బూరయ్య సిగ్గుపడ్డాడు. "బండంటే నాకు ప్రాణం. దిగ్గానే వాగులో స్నానం చేయిస్తా."

"కాలే ఇనుముకి చన్నీళ్ల స్నానమా! వంకర పోదా మరి? చల్లారనియ్యన్నా."

నాయనమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది.

రెండు వైపులా కొత్తవి బిగించారు. జీపు మలుపు మలుపుకీ మెత్తగా ఆగుతూ దిగింది. డప్పులు మోగుతుంటే పెళ్లికూతురు టైముకి పీటలెక్కింది. నాయనమ్మ పట్టుబట్టి సూదన్నని పిలిపించి, మొదటి విస్తరి వాడికే వేయించింది.

అప్పట్నుంచీ ఆ సందులో బండి ఆగితే చాలు, పిల్లీ నక్కా కూడా పరిగెత్తుకొచ్చి, చక్రం దగ్గర కూర్చుని ముందు వంగి చూస్తున్నాయి.

అందుకే పిల్లలూ, బాగుచెయ్యాలో మార్చాలో మన లాభం చూసి చెప్పకూడదు, వస్తువుని చూసి చెప్పాలి.