డ్రైవరు మూత

లోకంలో ఇంకెవరికీ రాని కష్టం నాకొచ్చింది. నా ట్యాంకు మీద దుమ్ము దుమ్ములా కనిపించడం లేదు.

నవ్వకండి. నేను పళ్ళ డాక్టర్ని, పేరు పురుషోత్తం. పొద్దున్నించి జనం నోళ్ళలోకి తొంగిచూసి చూసి, ఒంటిగంటకి క్లినిక్ షట్టరు దించేసి, బొల్లారంలో ఉస్తాద్ ఇంటికి పోయి ప్లాస్టిక్ ట్యాంకులు అతికించుకుంటాను. నలభై నాలుగేళ్ళ వాణ్ణి. మా ఆవిడ ఈ పనికి వేరే పేరు పెట్టింది. అది ఇక్కడ చెప్పను.

ఉస్తాద్ అంటే దఫేదార్ దస్తగిరి గారు. నంద్యాల మనిషి. సైన్యంలో పదిహేడేళ్ళు ట్యాంకు తోలి రిటైరయ్యారు. ఇప్పుడు అవే ట్యాంకుల్ని ముప్పై అయిదో వంతుకి కుదించి జానెడు బొమ్మలుగా చేస్తుంటారు. ఆ లెక్కన ఆరడుగుల మనిషి రెండంగుళాలు ఉంటాడు. ఆయన దగ్గర నేర్చుకోవాలని చాలామందే వచ్చారు. ఆయన నోరు విప్పి ఏదీ చెప్పరు కాబట్టి చాలామందే పోయారు. నేను మిగిలాను.

నేను చేస్తున్నది టీ-72. మనవాళ్ళు అజేయ అని పేరు పెట్టుకున్న ట్యాంకు. ఏడు నెలల పని. పళ్ళు గీకే సూదితో వెల్డింగు అతుకులు చెక్కాను. కొవ్వొత్తి మంట మీద ప్లాస్టిక్ సాగదీసి వెంట్రుకంత ఏంటెన్నా తీశాను. గొలుసు పట్టాలో రెండువందల దాకా ముక్కలుంటే ఒక్కోదాన్నీ విడిగా అంటించాను. మర్నాడు ఉదయం తొమ్మిదింటికి నగరంలో పోటీ ఉంది. మూడేళ్ళుగా నాకు రెండో బహుమతే వస్తోంది. రెండో బహుమతి వాడి కడుపుమంట మొదటివాడికీ తెలీదు, ఆఖరివాడికీ తెలీదు.

అంతా అయిపోయింది. ఇక మిగిలింది దుమ్మే. రాజస్థాన్ ఇసుక రంగు పొడిని సన్న కుంచెతో అద్దాను, ఊదాను, మళ్ళీ అద్దాను. పైన వార్నిషు కొట్టేదాకా ఆ పొడి నిలవదు. వేలు తగిలితే చెరిగిపోతుంది. అందుకే మా పనిలో మొదటి నియమం, బొమ్మని అడుగున పట్టుకోవాలి, పైన ముట్టుకోకూడదు.

"ఉస్తాద్, ఈ దుమ్ములో తప్పేముంది?" అని అడిగాను.

ఆయన భూతద్దం పెట్టి చాలాసేపు చూశారు. "బాగుందప్పా. పెండ్లికి పౌడరు పూసుకున్నట్టు ఎంత చక్కగా కూర్చునిందో."

"మరి ఎలా వేయాలి?"

"టీ తాగు" అన్నారు.

ఒళ్ళు మండిపోయింది. ఏడేళ్ళుగా ఇదే వరస. ఏదడిగినా టీ. ఆ టీలన్నీ కలిపితే ఒక చెరువయ్యేది, నాకు వచ్చిన విద్య మాత్రం నేను సొంతంగా తంటాలు పడి నేర్చుకున్నదే. అలా అనుకుంటూనే టీ తాగాను.

మధ్యాహ్నం మూడు. కిటికీకి కట్టిన పాత చీర గుండా ఎండ పసుప్పచ్చగా లోపలికి వస్తోంది. ఫ్యాను తిరుగుతోందో, నా తల తిరుగుతోందో తెలీడం లేదు. గదినిండా థిన్నరు వాసన. ఎప్పుడు నిద్ర పట్టిందో నాకు తెలీదు. చూస్తే నేను రెండంగుళాలున్నాను.

బల్ల మీద నడుస్తున్నాను. ఎదురుగా నా ట్యాంకు మేడంత ఉంది. ఎండకి ఇనుము వాసన వేస్తోంది. అది ప్లాస్టిక్కని కలలో కూడా నాకు తెలుసు, అయినా ఇనుము వాసనే వేస్తోంది. చుట్టూ ఇసుక. కనుచూపు మేర ఎక్కడా మనిషి అడుగు లేదు. నా అడుగులు కూడా పడడం లేదు. ఎవరినైనా పిలుద్దామనుకున్నాను. ఎవరి పేరు పిలవాలో తోచలేదు.

"సాయిబు గోరిల్లు ఇదేనా బావూ?"

ఉలిక్కిపడి లేచాను. గుమ్మంలో ఒకావిడ నిలబడి ఉంది. అరవై ఏళ్ళుంటాయేమో. ఒక చెయ్యి ద్వారబంధం మీద ఉంది. మాతో మాట్లాడుతోంది కానీ మొహం కిటికీ వెలుతురు వైపు తిప్పుకుని ఉంది. కళ్ళు ఆనవని అర్థమైంది.

ఉస్తాద్ లేచి వెళ్ళి కుర్చీ చూపించారు. కాదు, కుర్చీ చప్పుడు చేశారు. ఆమె ఆ చప్పుడు పట్టుకుని వచ్చి కూర్చుంది.

"నాను పోలమ్మని బావూ. మాది సీకాకుళం పక్క. మా పాప ఎనకసందులో కాపరముంటాది. కళ్ళు సూపించుకోడానికొచ్చినాను. ఓ కన్ను పోయింది, రెండోది ఎలుగూ నీడా తెలుస్తాది, అంతే. ఇక్కడ మిలట్రీలో టేంకీ తోలిన సాయిబు గోరున్నారని పాప సెప్పింది. గోడట్టుకుని వొచ్చీసినాను."

"మంచి పని చేసినావు చెల్లెమ్మా. చెప్పు."

"మా గౌరునాయుడు కూడా ఆ టేంకీయే తోల్తాడు. డ్రైవరు. ఎళ్ళి రొండేళ్ళయింది. ఎలగుంటాదిరా నీ బండి అంటే, పెద్ద కారు నాగుంటాదే అమ్మా, కాళ్ళు బార్లా సాపుకోని కూకుంటానంటాడు. పొటో పంపినాడు. నాకేటి కనిపిస్తాది? ముద్దలాగుంటాది."

తర్వాత గొంతు తగ్గించి అంది.

"దేవుడికి దణ్ణమెట్టుకున్నప్పుడల్లా ఇబ్బందైపోతంది బావూ. ఇంట్లో ఉన్నప్పుడు ఆడు అరుగు మీదున్నాడు, మంచం మీదున్నాడు అనుకుని దణ్ణమెట్టీదాన్ని. ఇప్పుడు ఆణ్ణి ఎక్కడ కూకోబెట్టుకోవాలో తెలీటం నేదు. ఆ సోటు ఒక్కటి సూపించు, సాలు."

ఉస్తాద్ గది చుట్టూ చూశారు. ఆయన చేసినవేవీ ఆయన దగ్గర ఉండవు. పూర్తయిన మర్నాడే ఎవరికో ఇచ్చేస్తారు. అలమరలో సగం సగం డొక్కలే ఉన్నాయి. గది మొత్తం మీద పూర్తయిన టీ-72 ఒక్కటే ఉంది. అది నాది.

"ఉస్తాద్! రేపే పోటీ. ఇంకా వార్నిషు కొట్టలేదు!"

"తెలుసప్పా" అన్నారు. అని, అడుగున కాదు, రెండు చేతులతో పైనే పట్టుకుని ఎత్తి, ఆమె ఒళ్ళో పెట్టేశారు.

చూడలేక మొహం తిప్పుకుందామనుకున్నాను. తిప్పుకోలేకపోయాను. ఆమె వేళ్ళు ముందు చక్రాల మీదకి వెళ్ళాయి, తర్వాత పట్టా మీదకి. "ఇది గొలుసా?" అంది. "గొలుసే" అన్నారు ఉస్తాద్. ఏడు నెలల పని మీద అద్దిన దుమ్ము నాలుగు వేళ్ళ వెడల్పున చెరిగిపోయింది. చెయ్యి పైకి పాకింది. టిక్కుమని ఏంటెన్నా విరిగింది.

"ఏదో ఇరిగినట్టుంది బావూ!" అని చెయ్యి వెనక్కి తీసేసింది.

"ఏమీ కాలేదు చెల్లెమ్మా. చూడు నువ్వు" అన్నారాయన. ఏమీ కాలేదట! విరిగింది ఎవరిది మరి?

"ఈ పొడుగ్గా ఉన్నది గొట్టం. దాని కింద తడుము. ఇంకొంచెం ముందుకి. ఆఁ, అక్కడ. మూత తగిలిందా?"

"తగిలింది. ఇదేనా మావోడి గుమ్మం?"

"అదే."

ఆమె గోటితో మూత అంచు పట్టుకుని లాగింది. రాలేదు. మళ్ళీ లాగింది. "తెరుసుకోదేటి?"

ఉస్తాద్ నా వైపు చూశారు.

ఆ మూత అతికించింది నేనే. తెరిచి ఉంచితే లోపలి డొల్ల కనిపిస్తుందని, అంచు సమంగా కూర్చోవాలని, గట్టి జిగురు పెట్టి మరీ అతికించాను. బొమ్మ కదమ్మా, తెరుచుకోదు అనాలని మాట నాలుక దాకా వచ్చింది. అంటే ఆమె సరే బావూ అని లేచి వెళ్ళిపోయేది. అప్పటికి ఏంటెన్నా, దుమ్మూ మాత్రమే పోయాయి. సాయంత్రం లోపల రెండూ సరిచేసుకోవచ్చు. మూత పీకితే మాత్రం ముందు భాగం రంగంతా లేచిపోతుంది.

ఆమె వేలు ఆ మూత మీదే ఉంది. తలుపు తట్టి, తీస్తారేమోనని చూసేవాళ్ళు నిలబడతారు చూడండి, అలా ఉంది.

జేబులోంచి పళ్ళు గీకే సూది తీశాను. ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. గొట్టాన్ని పక్కకి తిప్పి మూత అంచు చుట్టూ సూది పోనిచ్చాను. రంగు పెచ్చులు పెచ్చులుగా ఆమె చీర మీద రాలింది. పోటీ సంగతి ఇప్పుడే చెప్పేస్తున్నాను, మళ్ళీ దానికోసం ఎదురుచూడకండి. నేను వెళ్ళలేదు.

మూత ఊడి వచ్చింది. "ఇప్పుడు పెట్టమ్మా వేలు" అన్నాను.

ఆమె చిటికెన వేలు లోపలికి పెట్టింది. కణుపు దాటీ దాటకుండానే వేలు ఆగిపోయింది.

"అడుగు తగిలీసింది."

"అంతే చెల్లెమ్మా" అన్నారు ఉస్తాద్.

"అంతేనా? మరి కాళ్ళెక్కడెడతాడు?"

ఉస్తాద్, ఆ డెబ్భై ఏళ్ళ మనిషి, గోడ పట్టుకుని మెల్లగా నేల మీదకి దిగారు. వీపు గోడకి ఆనించారు. మోకాళ్ళు దగ్గరికి లాక్కున్నారు. తల వంచి, అక్కడ లేని స్టీరింగు పిడుల్ని రెండు చేతులతో బిగించి పట్టుకుని కూర్చున్నారు. పదిహేడేళ్ళ అలవాటు, ఒక్క క్షణంలో ఒంట్లోకి వచ్చేసింది. ఆ గదిలో అంత జాగా ఉండగా ఆయన ఒక పీపాలో ఇరుక్కున్నట్టు కూర్చున్నారు.

"ఇట్లా" అన్నారు.

ఆమె కుర్చీలోంచి ముందుకి వంగి చెయ్యి చాపింది. ముందు ఆయన మోకాలు తగిలింది. ఆ తర్వాత భుజం. వంచిన మెడ. మళ్ళీ మోకాలు. కొలుస్తున్నట్టు తడిమింది. చాలాసేపు తడిమింది.

"నా తండ్రే!" అంది. "నా తండ్రే! ఇంట్లో మంచం సాలక కాళ్ళు కిందకి ఏలాడేసుకోని తొంగునేవోడు. పొడుగోడు బావూ మావోడు. ఇలగ ముడుసుకోని కూకుంటన్నాడా? రొండేళ్ళ నుంచీ నాకు అబద్ధమాడతన్నాడా?"

ఒక్క కన్నీటి బొట్టు ట్యాంకు వెనక భాగం మీద పడింది. ముప్పై అయిదో వంతు లెక్కలో అది చెంబెడు నీళ్ళు. దుమ్ములో చిన్న కాలవ కట్టి, పట్టా దాకా పారి ఆగిపోయింది.

ఏదో ఒకటి అనాలి కదా అని, తెలివితక్కువవాణ్ణి, "ఈసారి ఫోన్ చేస్తే గట్టిగా అడిగెయ్యండమ్మా, ఎందుకు అబద్ధం చెప్పావని" అన్నాను.

ఆమె నా గొంతు వైపు తిరిగింది. చీర చెంగుతో మొహం తుడుచుకుని నవ్వింది కూడా.

"అడుగుతానేటి బావూ! కాళ్ళు సాపుకున్నావా నాయినా అంటాను. సాపుకున్నానే అంటాడు. సంతోసం నాయినా అంటాను. ఆడు నాకోసం అంత కట్టపడి ఓ అబద్ధం నిలబెట్టుకుంటన్నాడు, నాను దాన్ని పడగొట్టీసి ఏటి బాగుపడతాను? దణ్ణమెట్టుకునీటప్పుడు మాత్రం ఇదుగో, ఇలగ కూకున్నోడికే ఎట్టుకుంటాను."

బొమ్మని తడుముకుంటూ నా చేతుల్లో పెట్టింది. "మంచి పనోడివి బావూ, అన్నీ సేతికి తెలుస్తన్నాయి" అంది. ఆమె వేళ్ళకి ఇసుక రంగు అంటుకుని ఉంది. కడుక్కోడానికి నీళ్ళిస్తానన్నాను. వద్దు, ఉండనీమంది. ఎడంచెయ్యి గోడకి ఆనించుకుని, రంగంటిన కుడిచెయ్యి చీరకి తగలకుండా ఎడంగా పట్టుకుని, సందులోకి నడిచి వెళ్ళిపోయింది.

గదిలో మళ్ళీ పసుప్పచ్చటి ఎండే మిగిలింది. నేను ఆ బొమ్మని బల్ల మీద పెట్టి చూస్తూ ఉండిపోయాను. వేళ్ళ జాడలు, విరిగిన ఏంటెన్నా, పెచ్చులూడిన రంగు, నోరు తెరుచుకున్న గుండ్రటి చీకటి. ఎంతసేపు చూశానో. దుమ్ము గురించి అడగాల్సిన ప్రశ్న ఏదో ఉండాలి నా దగ్గర. ఎంత వెతుక్కున్నా గుర్తు రాలేదు.

వెనక్కి తిరిగితే ఉస్తాద్ ఇంకా నేల మీదే ఉన్నారు. అలాగే, మోకాళ్ళు ముడుచుకుని, తల వంచుకుని. కాళ్ళు పట్టేశాయేమోననుకుని దగ్గరికి వెళ్ళి చెయ్యి అందించాను.

"లేవండి ఉస్తాద్."

ఆయన నా చెయ్యి అందుకోలేదు. తల ఎత్తలేదు.

"పదిహేడేండ్లు మాయమ్మకి నేనూ అదే రాసినానప్పా, కాళ్ళు చాపుకునేంత జాగా ఉందని" అన్నారు. "ప్రతి జాబుకీ, సంతోషం నాయనా, అని రాయించేది."

ఆ పిడుల్ని పట్టుకున్న చేతులు మెల్లగా వదిలేశారు.

"నమ్మిందనుకుంటినప్పా."