పొగడ్తకు కడియం

ఇప్పటి మాట కాదు గానీ, పొన్నగిరి అని ఒక రాజ్యం ఉండేది. దాన్ని ఏలే ఉద్దండ భూపాలుడిది వెన్నలాంటి మనసు. ఎవరైనా కష్టం చెప్పుకుంటే వాళ్ళకంటే ముందు ఆయనే కళ్ళు తుడుచుకునేవాడు. ఉన్నదల్లా ఒకటే జబ్బు, పొగడ్తల పిచ్చి. పొద్దున్నే ఎవరో ఒకరు ఆహా ఓహో అనకపోతే పాపం ఆయనకు ఫలహారం గొంతు దిగేది కాదు.

ఆయన కొలువులో బుచ్చన్న అని ఒక మాటకారి. తల్లి చిన్నప్పుడే పోతే మేనత్త నాంచారమ్మ పెంచి పెద్దచేసింది. ఆవిడ కోటకు దూరంగా తాళ్ళవలసలో పొలం చేసుకుంటూ ఒంటరిగా ఉండేది.

ఒకసారి బుచ్చన్న చూడబోయేసరికి అత్త దుప్పట్లన్నీ కప్పుకుని మంచంలో వణుకుతోంది. రోజు విడిచి రోజు చలిజ్వరం. మనిషి చిక్కి సగమైంది.

"ఇన్నాళ్ళూ కబురైనా చెయ్యలేదేం అత్తా? వైద్యుణ్ణి పిలిపించలేదా?"

"పిలవకేం? ఆస్థాన వైద్యుడు శరభశాస్త్రి గారు జత ఎడ్లు ఇస్తే వస్తానన్నారు. అదీ వచ్చే నెలలోనట. ఎడ్లు ఇచ్చేస్తే పొలం నువ్వొచ్చి దున్నుతావట్రా బుచ్చీ? నా జ్వరం ఎడ్ల ఖరీదు చెయ్యదులే, ఊరుకో."

బుచ్చన్న జారిన దుప్పటి ఆవిడ భుజాల మీదికి లాగాడు. ఈవిడ పోతే తనను ఒరే బుచ్చీ అని పిలిచే దిక్కు ఈ లోకంలో లేదు.

విడ్డూరం ఏమిటంటే, పక్కింట్లోనే గవరయ్య ఉన్నాడు. మంచి గురువు దగ్గర ఏళ్ళ తరబడి వైద్యం నేర్చుకున్నవాడు. బుచ్చన్న వెళ్ళి అడిగితే అతను తల వంచుకున్నాడు.

"అమ్మకు కషాయం కాచి ఇవ్వడం నాకెంత పని బుచ్చన్న గారూ! కానీ నాకు కడియం లేదు. ఆవిడ నాడి పట్టుకున్నానంటే రేపు నన్ను రాజభటులు పట్టుకుంటారు."

ఆ కడియం సంగతి చెప్పాలి. రాజుగారి తాతల నాడు ఎవడో దొంగ వైద్యుడు పిచ్చి మందు పోసి పట్టపురాణి ప్రాణం మీదికి తెచ్చాడు. అప్పట్నుంచి బంగారు కడియం ఉన్నవాడే వైద్యం చెయ్యాలని శాసనం. కొత్తవాడికి కడియం ఇవ్వాలంటే, ఉన్న వైద్యులందరూ నిండు కొలువులో తల ఊపాలి. ఒక్క తల ఊగకపోయినా కడియం లేదు.

ఇంకేముంది, తలలు ఊగడం మానేశాయి! గవరయ్య మొదటిసారి వెళితే మరీ కుర్రవాడన్నారు. రెండోసారి శ్లోకం సరిగ్గా పలకలేదన్నారు. మూడోసారి వయసు మీరిపోయిందన్నారు. రాజ్యం మొత్తానికి నలుగురే వైద్యులు మిగిలారు. వాళ్ళు అడిగినంత ఇచ్చుకోవాలి, రమ్మన్నప్పుడే జబ్బు పడాలి.

బుచ్చన్న పరుగున వచ్చి రాజుతో మొరపెట్టుకున్నాడు. రాజు మీసం దువ్వుకున్నాడు.

"నలుగురే కాబట్టి రత్నాలయ్యా! వీధికొకడుంటే గులకరాళ్ళనరూ?"

శరభశాస్త్రి కడియం సవరించుకుంటూ, "ప్రభువులు సూక్ష్మం గ్రహించారు" అన్నాడు.

బుచ్చన్న ఆ రాత్రి నిద్ర పోలేదు. తెల్లారగానే రాజు దగ్గరికి వెళ్ళి చేతులు కట్టుకు నిలబడ్డాడు.

"ప్రభూ, నాకొకటే బాధగా ఉంది. వైద్యానికున్న మర్యాద తమ పొగడ్తకు లేకపోయె! కూరగాయలమ్మే మనిషి కూడా మా రాజు బంగారం అనేస్తోంది. బంగారం ఎలా ఉంటుందో చూసిందా ఆవిడ? చదువూ సంధ్యా లేనివాళ్ళు తమరిని పొగడటమేమిటి, అప్రతిష్ఠ కాదూ?"

రాజు ఉలిక్కిపడ్డాడు. "నిజమేనోయ్! నాకు తట్టనే లేదు. ఏం చేద్దామంటావు?"

"కడియం పెట్టేద్దాం ప్రభూ."

అంతే, మధ్యాహ్నానికల్లా దండోరా వేశారు. కొలువులోని ముగ్గురు వందిమాగధులకే కడియాలు. ఇంకెవరు రాజును పొగిడినా కొరడా దెబ్బలు. కొత్తవాడు పొగడాలంటే ఆ ముగ్గురూ తల ఊపాలి.

మొదటి రోజు రాజు సంబరం అంతా ఇంతా కాదు. మర్నాడు ఏనుగెక్కి ఊరేగితే వీధుల్లో ఒక్క జేజే లేదు. జనం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని దణ్ణం పెట్టారు. కొలువులో స్వయంగా అల్లిన పద్యం చదివితే సభ గోడల్ని చూస్తూ కూర్చుంది. తుమ్మితే చిరంజీవ అన్న నాథుడు లేడు. బిక్కమొహం వేసుకుని అంతఃపురానికి వెళ్ళి, "ఈ తలపాగాలో నేనెలా ఉన్నాను?" అని అడిగితే, రాణిగారు నవ్వు ఆపుకుంటూ కడియం లేని తన బోసి చెయ్యి చూపించింది.

వందిమాగధుల్ని పిలవండిరా అన్నాడు రాజు. ఒకడికి గొంతు బొంగురుపోయింది. ఇంకొకడు పెళ్ళికి వెళ్ళాడు. మూడోవాడు చిటికెన వేలితో చెవి గోక్కుంటూ, "పద్యానికి శభాష్ కావాలంటే ఒక అగ్రహారం. తుమ్ముకు చిరంజీవ అయితే గిత్త చాలు. గురువారం ఖాళీ ఉంటే వస్తాను" అని కబురంపాడు.

రాజు కుదేలైపోయాడు. ఆ పూట పాయసం కూడా ముట్టలేదు. నిండు సభలో బుచ్చన్నను పిలిచి, "నా వల్ల కావడం లేదయ్యా! నువ్వైనా ఒక్క మంచి మాట అను" అని బతిమాలాడు.

"అనాలనే ఉంది ప్రభూ. తమరి మంచితనం మీద దండకం కూడా అల్లాను. కానీ వాళ్ళు తల ఊపడం లేదు."

"ఎందుకు ఊపరు?"

"ఊపితే నాలుగోవాడు తయారవుతాడు. అప్పుడు చిరంజీవకు గిత్తను ఎవరిస్తారు?"

రాజు సింహాసనం మీంచి లేచిపోయాడు. "ఇదెక్కడి అన్యాయం! పొగడ్త కావలసినవాణ్ణి నేను. తల ఊపేది వాళ్ళా?"

"మా నాంచారత్త కూడా అదే అడుగుతోంది ప్రభూ," అన్నాడు బుచ్చన్న. "జ్వరం నాది, తల ఊపేది శరభశాస్త్రి గారా అని. పొగడ్త లేక తమరు రెండు రోజులు ఓర్చుకోలేకపోయారు. మా అత్త నెల నుంచీ మంచం మీద ఉంది. మందు తెలిసినవాడు పక్కింట్లో చేతులు కట్టుకు కూర్చున్నాడు."

శరభశాస్త్రి గబగబా లేచి, "ప్రభూ, అందరికీ కడియాలిస్తే దొంగ వైద్యులు చొరబడరూ?" అన్నాడు.

"పరీక్ష పెట్టండి, వద్దనలేదు," అన్నాడు బుచ్చన్న. "మీ కళ్ళ ముందే రోగుల్ని చూడమనండి. నయం చేస్తే కడియం ఇప్పించండి, తప్పితే ఇంటికి పంపండి. మెచ్చవలసింది నయమైన రోగులు గానీ, బేరం పోతుందని బెంగపడేవాళ్ళు కాదు."

రాజు పైపంచెతో కళ్ళు తుడుచుకున్నాడు. ఆ తరవాత తన తుమ్ము గుర్తొచ్చి పొట్ట పట్టుకుని నవ్వాడు. అక్కడికక్కడే తల ఊపాలన్న రెండు శాసనాలూ కొట్టేశాడు. పరీక్ష రోగుల ముందే జరగాలన్నాడు. కడియమున్న ప్రతి వైద్యుడూ శిష్యుల్ని తయారు చెయ్యాలనీ, చెయ్యనివాడి కడియం ఊడబెరుకుతాననీ శరభశాస్త్రి వంక చూస్తూ చెప్పాడు. సాయంత్రానికల్లా గవరయ్యను పిలిపించి కోటలో రోగుల్ని అప్పగించారు. వాళ్ళు తేరుకోగానే కడియం తొడిగి, రాజు తన పల్లకీలోనే తాళ్ళవలసకు పంపాడు.

కొన్నాళ్ళకు నాంచారమ్మ తన కాళ్ళ మీద తనే నడిచి, సున్నుండల డబ్బా చంకన పెట్టుకుని కొలువుకు వచ్చింది. రాజు ఛాతీ విరుచుకుని, మీసం సవరించుకుని, ఆవిడ ఏమంటుందా అని ఆశగా చూశాడు.

ఆవిడ ఆయన్ని పైనుంచి కిందికి చూసింది. "చల్లగా ఉండు నాయనా. మంచి పనే చేశావు. ఇది తెలుసుకోడానికి అంత తుమ్ము తుమ్మాల్సి వచ్చిందా?"

ఉద్దండ భూపాలుడు సింహాసనం దద్దరిల్లేట్టు నవ్వాడు. నవ్వుతూనే మెడలోని ముత్యాల దండ తీసి బుచ్చన్న మెడలో వేసి, "ఇంతమంది ఇన్ని పొగిడారు గానీ బుచ్చన్నా, మీ అత్తా నువ్వూ చెప్పినంత నిజం ఎవరూ చెప్పలేదోయ్!" అంటూ సున్నుండ కోసం చెయ్యి చాపాడు.